గృహస్థుని అపరిగ్రహము

సన్న్యాసి పాటించు అపరిగ్రహము కష్టసాధ్యమే యైనను, దాని స్వరూపము మాత్రము స్పష్టమైనది. అతడు దేనిని తనదిగా నుంచుకొనడు. రేపటి కొఱకు దాచడు. ఏ పూటకు లభించినది ఆ పూటకు చాలునని తృప్తి నొందును. ఆ వ్రతభారమును మోయువాడు అతడొక్కడే. గృహస్థుని స్థితి యట్టిది కాదు. అతడు సంపాదింపవలెను, దాచవలెను, వెచ్చింపవలెను. వృద్ధులైన తలిదండ్రుల ఔషధములు, బిడ్డల చదువు, ఇంటి అద్దె, వాకిట నిలిచిన అతిథికి పెట్టు అన్నము, ఇవి యన్నియు అతని చేతిలోని ధనమును ఆశ్రయించి యున్నవి. చేయి ముడుచుకొనినచో ఆశ్రితులు బాధపడుదురు. చేయి వదలివేసినచో ఇల్లు అప్పుల పాలగును.

అట్టివానికి అపరిగ్రహ మనగా నేమి? తక్కువ ఖర్చుతో బ్రతుకుట కేవలము లౌకికమైన తెలివితేటయా, లేక అది ఆధ్యాత్మిక సాధనలో భాగమా? సాధనయే యైనచో, దానిని ఇంటిల్లిపాది నెత్తిన పెట్టుటకు యజమానికి అధికార మెక్కడిది? మొదటి రెండు ప్రశ్నలను పలువురు విచారించిరి. మూడవదానిని అడుగువారు అరుదు. గృహస్థధర్మమున మిక్కిలి సూక్ష్మమైన ప్రశ్న అదియే.

ధనము దోషము కాదు

మొట్టమొదట ఒక భ్రమ తొలగవలెను. ధనార్జనయే పాపమనియు, భక్తుడైనవాడు రాకపోకల లెక్కలను పట్టించుకొనరాదనియు కొందరు తలంతురు. శాస్త్రము గృహస్థునకు అట్లు విధింపలేదు. నాలుగు పురుషార్థములలో అర్థమునకు స్థానము కలదు. అది ధర్మము వెంట నడువవలెననుటయే నియమము. బ్రహ్మచారి, వానప్రస్థుడు, సన్న్యాసి, ఈ మువ్వురును గృహస్థుడు పెట్టు అన్నముపై నాధారపడుదురు గనుక ఆ యాశ్రమము తక్కిన మూడింటికిని ఆధారమని మనుస్మృతి చెప్పుచున్నది. వివేకానంద స్వామి 1895-96 శీతకాలమున న్యూయార్కులో కర్మయోగమును గూర్చి ఉపన్యసించుచు, మహానిర్వాణతంత్రము గృహస్థునకు విధించిన ధర్మములను వివరించిరి. న్యాయమార్గమున ధనము సంపాదించుటకు పాటుపడని గృహస్థుడు తనపై ఆధారపడిన వారందరికిని ద్రోహము చేసినవాడగునని వారి తాత్పర్యము.

కావున ధనము ఉండవచ్చునా యనునది ప్రశ్న కాదు. ఉన్న ధనము ఎవరిది యనునదియే ప్రశ్న. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రము ఈ జగత్తంతయు ఈశ్వరునిచే నిండియున్నదని తెలిపి, అనుభవమును త్యాగముతో ముడిపెట్టినది. గాంధీమహాత్ముడు 1937లో తిరువాంకూరు పర్యటించినపుడు ఆ మంత్రమును సామాన్యజనులకు వివరించిరి. ధనము గలవాడు దానికి యజమానుడు కాడనియు, ధర్మకర్త మాత్రమే యనియు ఆయన చేసిన బోధకు ఆ మంత్రము అండగా నిలిచినది.

ధర్మకర్త యను మాట తెలుగువారికి దేవాలయమును స్ఫురింపజేయును. ఆ పోలిక ఇచట మిక్కిలి ఉపకరించును. ఆలయ ధర్మకర్త దేవుని సొమ్ముతో తన యింటికి హంగులు చేసికొనరాదు. అట్లని గర్భగుడిలో దీపమునకు నూనె లేకుండ చేసి, హుండీ ధనమును పెట్టెలో పెంచుకొనుచు పోవుటయు ధర్మకర్తృత్వము కాదు. దీపము వెలుగవలెను, నైవేద్యము జరుగవలెను, అర్చకునికి జీతము ముట్టవలెను, మిగిలినది భద్రముగా నుండవలెను. ఇంటి ధనమునకును ఇదియే న్యాయము.

లోభము వేరు, మితవ్యయము వేరు

బయటికి ఈ రెండును ఒక్కటిగనే కనబడును. ఇద్దరు గృహస్థులు చినిగిన గొడుగును బాగుచేయించుకొని వాడుకొనుచున్నారనుకొందము. ఒకనికి ధనము చేయి దాటిపోవునను భయము. రెండవవానికి ఇంకను పనికివచ్చు వస్తువును పారవేయరాదను గౌరవము. పని ఒక్కటే, హృదయములు వేరు. వాన కురియుచుండగా పొరుగువాడు వచ్చి గొడుగు అడిగిననాడు ఆ భేదము బయటపడును. మొదటివాడు గొడుగును దాచును. రెండవవాడు దానిని ఆనందముతో ఇచ్చును.

ధనమునకు దానము, భోగము, నాశము అని మూడు గతులు కలవని భర్తృహరి నీతిశతకమున చెప్పెను. ఏనుగు లక్ష్మణకవి తెనుగుసేత వలన ఆ మాట తెలుగునాట ఇంటింటికిని తెలిసినదే. లోభి మొదటి రెండింటిని విడిచి, తెలియకయే మూడవదానిని ఎన్నుకొనును. మన భాషలో పిసినారిని కృపణుడందురు. ఆ పదమునకు మూలార్థము దయనీయుడని. అక్షరమైన పరబ్రహ్మమును తెలిసికొనకయే ఈ లోకమును విడిచిపోవువాడు కృపణుడని బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు గార్గికి చెప్పెను. తన చేతికి దొరికిన మహానిధిని వినియోగించుకొనకయే పోవువాడని భావము. ఇనుపపెట్టె ముందు కూర్చుండి ఆకలితో నుండువానికిని, ఈ మానవజన్మమును వ్యర్థము చేసికొనువానికిని ఒక్కటే పేరు పెట్టుట ఎంతయు సార్థకముగా నున్నది.

శ్రీ శారదాదేవి జీవితమునుండి ఒక సంఘటన ఈ భేదమును తేటపఱచును. ఒకనాడు ఒక భక్తుడు దేవునికి నివేదించుటకై బుట్టలో పండ్లు తెచ్చెను. పండ్లు తీసినపిమ్మట ఖాళీబుట్టను సందులో పారవేయుమని అచటివారు చెప్పిరి. అమ్మ లేచి వచ్చి చూచి, బుట్ట చక్కగా నున్నదనియు, కూరగాయల తొక్కలు వేసికొనుటకైనను పనికివచ్చుననియు చెప్పి, దానిని తెప్పించి కడిగించి భద్రపఱచిరి. కొంతసేపటికి ఒక భిక్షుకుడు వాకిట నిలిచి కేకవేయగా, పనిలోనున్నవారు విసుగుకొని అతనిని పంపివేసిరి. అమ్మకు మిక్కిలి బాధ కలిగినది. పిడికెడు బియ్యము అతనికి చెందవలసినది కదా, దానిని అతనికి లేకుండ చేయుట తగునా యని వారు విచారించిరి. కూరతొక్క ఆవునకు చెందవలసినదనియు, దానిని ఆవునకు పెట్టవలెననియు చెప్పిరి. బుట్టను కాపాడిన చేయియే బియ్యము పోయుటకు చాచుచున్నది. ఎవరికి చెందవలసినది వారికి చెందవలెననునదే ఆ రెండింటికిని మూలము. మితవ్యయమునకు ఇంతకంటె మంచి నిర్వచనము వెదకనక్కరలేదు.

భగవాన్ శ్రీరామకృష్ణులును భక్తునికి అమాయకత్వము భూషణమని ఎన్నడును చెప్పలేదు. తరువాతి కాలమున స్వామి యోగానందగా ప్రసిద్ధుడైన యోగీన్ ఒకనాడు బజారుకు పోయి ఇనుప మూకుడు కొనితెచ్చెను. అంగడివాడు దైవభీతి గలవాడని నమ్మి, దానిని పరీక్షింపలేదు. ఇంటికి వచ్చి చూడగా మూకుడు పగిలియున్నది. శ్రీరామకృష్ణులు అతనిని మందలించిరి. భక్తుడు కావలెను గాని మూఢుడు కానక్కరలేదనియు, అంగడివాడు వ్యాపారము కొఱకే అంగడి తెరచెననియు, నాలుగు చోట్ల ధర విచారించి వస్తువును పరీక్షించి కొనవలెననియు బోధించిరి. ధనమును స్పృశించుటకును ఓర్వని ఆ మహాత్ముడు, శిష్యుని చేతిలోని కొద్దిపాటి పైకము వ్యర్థమైనందుకు ఊరకుండలేదు. ఏమరుపాటు వైరాగ్యము కాదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఏమరుపాటే దుబారా

ఎంత ఖర్చయినదను లెక్కను బట్టి దుబారాను నిర్ణయింపలేము. కన్నతల్లి చికిత్సకు లక్షరూపాయలు వెచ్చించుట దుబారా కాదు. అవసరములేని వస్తువు చౌకగా వచ్చుచున్నదని వందరూపాయలు పెట్టుట దుబారాయే. మనస్సు ఎచ్చట లేదో అచ్చట ధనము జారిపోవును.

పూర్వము ఇల్లాలు కొంగుముడి విప్పి నాణెములు లెక్కించి ఇచ్చునది. ముడి విప్పుటకు పట్టు క్షణకాలములోనే వివేకమునకు అవకాశముండెడిది. 2016 తరువాత మన దేశమున ఫోను ద్వారా చెల్లింపులు వ్యాపించినవి. కూరగాయల బండి మొదలు నగల దుకాణము వఱకు ఒక వ్రేలు కదలించినచో పని ముగియుచున్నది. సౌకర్యము గొప్పదే, దానిని నిందింపనక్కరలేదు. కాని చెల్లించుట ఎంత సులభమైనదో, చెల్లించితిమను స్పృహ అంత పలుచనైనది. కావున పూర్వము కొంగుముడి చేసిన పనిని నేడు మనస్సే చేయవలసి యున్నది.

వాయిదాలపై కొనుట మరియొక చిక్కు. నెలకు కొద్దిమొత్తమేయని ఒకటి, దాని ప్రక్క మరియొకటి, ఇట్లు నాలుగైదు కూడినపుడు, ఇంకను చేయని శ్రమకు వచ్చు ప్రతిఫలము ముందుగనే ఖర్చయిపోయినదని గృహస్థుడు గుర్తించును. అప్పుచేసి పప్పుకూడు తినుట యని తెలుగువారు ఎగతాళి చేసిన దానికే నేడు మర్యాదైన పేర్లు వచ్చినవి. ఈ కొనుగోళ్ళలో పెక్కింటికి కారణము కుటుంబముయొక్క కోరిక యని చెప్పుటకును వీలులేదు. ఎదురింటివారి కన్నులే మన యింటి జాబితా వ్రాయుచున్నవి. పెండ్లిండ్లలో ఇది మిక్కిలి దారుణముగా కనబడును. ఒక్కరోజు వేడుకకై పదియేండ్ల పొదుపు కరగిపోవుచుండగా, ఆ ఖర్చు తమకిష్టములేదని ఇరువైపులవారును లోలోపల అనుకొనుచునే యుందురు.

ఆహారవిషయమున ఈ ఏమరుపాటునకు లెక్కలును కలవు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2022లో లోకమంతట 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది. వినియోగదారుల కందుబాటులోనికి వచ్చిన ఆహారములో ఇది 19 శాతము. ఆ వ్యర్థములో 60 శాతము సత్రములలోను, అంగళ్ళలోను గాక ఇండ్లలోనే సంభవించినది. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో అన్నమును గౌరవించుట ఒక వ్రతముగా విధింపబడినది. అన్నము పరబ్రహ్మస్వరూపమని పలుకు నోటితోనే, నిన్నటి అన్నమును బుట్టలో పోయుమని చెప్పుట విచారింపదగిన విషయము. కొలతగా వండుట, మిగిలినదానిని చెడకముందే ఆకలిగొన్నవాని కందించుట పెద్ద తపస్సులు కావు. కాని వానిని రోజును చేయుటకు జాగరూకత కావలెను. ఆ జాగరూకతయే సాధన.

ఎవరి తపస్సు?

ఇంతవఱకు చెప్పినదానిని అంగీకరించువారు పెక్కుమంది. ఇక మూడవ ప్రశ్నకు రావలెను.

ఒక గృహస్థుడు నిరాడంబరముగా జీవింపవలెనని నిశ్చయించుకొనెను. ప్రవచనములు వినెను, గ్రంథములు చదివెను, మనస్సున వైరాగ్యము మొలకెత్తెను. మరునాటినుండి ఇంట ఖర్చు తగ్గినది. పాలు తగ్గినవి, పిల్లలకు పండుగబట్టలు మానినవి, భార్య పుట్టింటికి పోవు ప్రయాణము ఆగినది. ఆ మిగిలిన ధనము దేవాలయ జీర్ణోద్ధరణకు చందాగా పోయినది. శిలాఫలకముమీద అతని పేరు చెక్కబడినది. ఊరివారు అతనిని త్యాగియని కొనియాడిరి. విచారించి చూచినచో త్యాగము చేసినవా రెవరు? పాలు త్రాగని బిడ్డలు, పుట్టింటికి పోని ఇల్లాలు. వారి అనుమతి లేకయే వారి భాగము తీసికొనబడినది. కీర్తి ఒకరిది, లోటు మరియొకరిది. తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరమని సామెత. తనవారికి మాలిన ధర్మము అంతకంటెను చెడ్డ బేరము.

దీనికి మరియొక రూపము కలదు. అది మౌనముగా నుండును గనుక ఎవరికిని కనబడదు. ఇంట సరకులు చాలనప్పుడు ముందు అందరికి వడ్డించి, చివర మిగిలినదానితో సరిపెట్టుకొను తల్లి మన దేశమున కోట్ల యిండ్లలో నున్నది. ఇంటి పొదుపంతయు ఆమె కడుపులోనుండియే వచ్చుచున్నదని లెక్కపుస్తకములో వ్రాయబడదు. తన జ్వరమునకు మందు తరువాత చూచుకొందమని ఆమె యనుచుండగా, ఎంత పొదుపరియని బంధువులు మెచ్చుకొందురు. ఇట్టి పొదుపు అన్యాయముయొక్క మరియొక పేరు.

పతంజలి మహర్షి యోగసూత్రములలో అయిదు యమములను చెప్పెను: అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము. అపరిగ్రహము చివరిది, అహింస మొదటిది. తక్కిన యమనియమము లన్నియు అహింసయందే వేరూనియున్నవని వ్యాసభాష్యము వివరించినది. ఈ క్రమమును గృహస్థుడు గుండెలో పెట్టుకొనవలెను. ఇంటివారిని నొప్పించి సాధించిన అపరిగ్రహము మూలము తెగిన చెట్టువంటిది. పరుని భాగమును అతని యిచ్చలేక తీసికొనుట అస్తేయమునకును భంగమే. ఆ పరుడు తన కన్నబిడ్డయే యైనను అంతియే.

ఉంఛవృత్తి కుటుంబము

ఈ విషయమున మహాభారత అశ్వమేధపర్వములోని సక్తుప్రస్థుని కథ మిక్కిలి మార్గదర్శకము. తిక్కన సోమయాజి తెనుగుచేసిన భాగములలో నీపర్వమును చేరినదే. వివేకానంద స్వామియు కర్మయోగ ఉపన్యాసములలో ఈ కథను చెప్పియున్నారు. ధర్మరాజు అశ్వమేధము ముగిసినపిమ్మట, సగము మేను బంగారమైన ముంగిస ఒకటి వచ్చి, ఆ మహాయాగము కురుక్షేత్రమునందలి ఒక పేదవాని పిండి దానమునకు సాటిరాదని పలికెను.

ఆ పేదవాడు కోతకోసిన పొలములలో రాలిన గింజల నేరుకొని జీవించువాడు. భార్య, కుమారుడు, కోడలు, తాను, ఇట్లు నలుగురు. కరువుకాలమున ఒకనాడు కొంచెము యవలు లభింపగా, పిండిచేసి నాలుగు సమభాగములుగా పంచుకొనిరి. భుజింపబోవునంతలో అతిథి వచ్చెను. గృహస్థుడు తన భాగమును ఇచ్చెను. అతిథికి ఆకలి తీరలేదు. కథలోని ముఖ్యమైన విషయము ఇచ్చటనుండి ప్రారంభమగును. గృహస్థుడు భార్యవైపు చూచి నీ భాగము ఇమ్మని యడుగలేదు. ఆమెయే తన భాగమును ముందునకు తెచ్చెను. అతడు వెనుదీసెను. కృశించిన ఆమె దేహమును చూచి, పురుగులును మృగములును సైతము తమ ఆడవానిని పోషించుకొనుచుండగా తానామె ఆహారమును తీసికొనుట తగదనెను. ధర్మమున తనకును సమభాగము కలదని ఆమె వాదించి ఒప్పించెను. పిమ్మట కుమారుడు వచ్చెను. పడుచువారి ఆకలి బలమైనదనియు, వృద్ధుడనగుటచే తానోర్చుకొనగలననియు తండ్రి వారించెను. చివర కోడలు వచ్చినపుడు, ఎండగాలులకు వాడిన ఆ బిడ్డను చూచి అతని మనస్సు మరింత తల్లడిల్లినది. ఆమెయు తన హక్కును విడువలేదు.

ఆ యింట పిండి ముందుగా సమముగా పంచబడినది. కోడలికి భాగము తక్కువ కాలేదు. తన భాగమే తాను ఇయ్యవచ్చునను నియమమును యజమానుడు దాటలేదు. ఇతరులు ఇయ్యబోయినపుడు అతడు సంతోషింపక, బాధపడి వారించెను. వారు స్వేచ్ఛగా, పట్టుబట్టి ఇచ్చిరి. నాలుగు త్యాగములు నాలుగు హృదయములలో పుట్టినవి. ఒక్కని ఆజ్ఞచే నలుగురి పిండియు అతిథి పాత్రలో పడియుండినచో, అతిథి ఆకలి తీరియుండును గాని ముంగిస మేను బంగారము కాదు.

ఇటీవలి చరిత్రలోను దీనికి పోలికయైన వృత్తాంతము కలదు. 1965లో యుద్ధమును, ఆహారధాన్యముల కొరతయు దేశమును పీడించుచుండగా, ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి వారమున కొకపూట భోజనము మానుడని ప్రజలను కోరిరి. ఆ మాట దేశమునకు చెప్పకముందు తన యింటివారు దానిని నిలుపగలరో లేదో తెలిసికొనుటకై మొదట తన యింట ఆ నియమమును పాటింపజేసిరని ఆయన కుటుంబమువారు చెప్పియున్నారు. అదే మహనీయుడు పిల్లలు కారు కావలెనని కోరినపుడు దానిని వైరాగ్యోపదేశముతో త్రోసిపుచ్చలేదు. కారు వెల 12,000 రూపాయలు. ఆయన ఖాతాలో నున్నది 7,000 మాత్రమే. మిగిలిన 5,000 ఒక బ్యాంకునుండి అప్పుగా తీసికొనిరి. 1966 జనవరిలో ఆయన తాష్కెంటులో కన్నుమూయగా, ఆ యప్పును లలితాదేవి తమ పింఛనునుండి తీర్చివేసిరి. నిరాడంబరుడు ఇంటివారి కోరికను వినెను; ఇంటివారు ఆయన ఋణమును తమదిగా తలచిరి. మితవ్యయము ప్రేమతో కూడినపుడు ఇట్లుండును.

ఇతరుల శ్రమతో పొదుపు

ఇంటిలోపలివారి విషయమున చెప్పిన న్యాయమే ఇంటి వెలుపలివారికిని వర్తించును. పనిమనిషి జీతములో కోతపెట్టి, ఎండలో తల మీద తట్టతో వచ్చిన ఆకుకూరలామెతో రెండురూపాయలకై పోరాడి, చెప్పులు కుట్టువాని కూలి తగ్గించి మిగుల్చుకొనిన ధనము పొదుపు కాదు. అది వారి యింటి పిండిలోనుండి తీసికొనిన భాగము. పెద్ద దుకాణములలో అచ్చువేసిన ధరను మారుమాటాడక చెల్లించువారే వీధిలో ఇట్టి బేరమునకు దిగుట విడ్డూరము. మరి నాలుగు అంగళ్ళలో ధర విచారించుమని శ్రీరామకృష్ణులు చెప్పినదానికి ఇది విరుద్ధము కాదా యని యెవరైన అడుగవచ్చును. కాదు. పగిలిన మూకుడు అంటగట్టువాని యెడ మెలకువ ధర్మము. కష్టించిన దానికి కూలి అడుగువాని యెడ అదే మెలకువ క్రౌర్యమగును. మోసమునకు లొంగకుండుటయు, పేదవాని లొంగుబాటును వాడుకొనకుండుటయు ఒకే వివేకమునకు రెండు ముఖములు.

అందరును ఖర్చు తగ్గించినచో నేతగాడు, కుమ్మరి, వడ్రంగి ఏమి తిని బ్రతుకుదురను ఆక్షేపణమును కలదు. ఇది త్రోసివేయదగినది కాదు. ఒకరి ఖర్చు మరియొకరి జీవనమగుట సత్యమే. కాని మితవ్యయి ఖర్చును చంపడు. దానికి దారి చూపును. ఏడాదికి పది చవుకబట్టలు కొని పారవేయుటకు బదులు, పొందూరు ఖద్దరో, మంగళగిరి చీరయో ఒకటి కొని పదికాలములు కట్టుకొనినవాడు నేతగానికి ఎక్కువ మేలే చేసినవాడగును. ధనము ఎవరి చేతికి పోవుచున్నదో తెలిసి ఇచ్చుటయే వివేకవంతమైన వ్యయము.

ఆచరణము

సిద్ధాంతము ఎంత గొప్పదైనను, నెల మొదటి తేదీన ఇంట అది నిలువవలెను. అందుకు కొన్ని నియమములు ఉపకరించును.

లెక్క వ్రాయుట మొదటిది. గాంధీమహాత్ముడు 1888లో చదువుకై లండను పోయినపుడు ప్రతి చిల్లరకాసుకును లెక్క వ్రాసికొని, రాత్రి సరిచూచుకొనియే పడుకొనుచుండిరి. ఆ లెక్కలవలననే తన జీవితమునందలి అనవసరములు తెలిసి, బస మార్చి, నడక అలవరచుకొని, ఖర్చు తగ్గించుకొనిరి. పిదప లక్షలకొలది ప్రజాధనము చేతిలోనుండి నడచినపుడు అదే అలవాటు ఆయనను కాపాడినది. గృహస్థుని లెక్కపుస్తకము ఇంట అందరును చూడదగినదిగా నుండవలెను. యజమాని ఒక్కడే చూచునది అధికారపత్రము. అందరును చూచునది ఆత్మపరీక్షకు అద్దము. తన స్వంత ఖర్చులు అందులో కనబడవలసి యున్నచో, పొదుపును గూర్చి ఉపదేశించుట కొంత కష్టమగును. ఆ కష్టము మేలుచేయును.

రెండవది, ఇతరుల భాగమును ముందుగా తీయుట. దేవతలకు, ఋషులకు, పితరులకు, మనుష్యులకు, భూతములకు గృహస్థుడు ప్రతిదినము చెల్లింపవలసిన పంచమహాయజ్ఞములు శాస్త్రవిహితములు. అన్నము వండబోవునపుడు పిడికెడు బియ్యము వేరుగా తీసి ధర్మకార్యమునకు ఉంచుట పెక్కు తెలుగిండ్లలో ఆచారముగా నుండెడిది. మిగిలినచో ఇత్తుమనుకొనిన యింట ఎన్నడును మిగులదు. కోనసీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికిని వండి వడ్డించి అపర అన్నపూర్ణ యనిపించుకొనిరి. అది రాజగృహము కాదు, ఒక కర్షకుని ఇల్లు. భర్త జోగన్నగారును ఆ వ్రతమున భాగస్వామియై యుండుటచేతనే అది నిలిచినది.

మూడవది, కొనుటకు ముందు ఆగుట. అత్యవసరము కానిదానిని కొన్నిదినములు వాయిదా వేసినచో, కోరికలలో పెక్కు వాటంతటవే రాలిపోవును, నిజమైనవి నిలుచును.

నాలుగవది, పిల్లలను ఆలోచనలో చేర్చుకొనుట. లేదు, కుదరదు అను మాటలు మాత్రమే విని పెరిగిన బిడ్డ, స్వాతంత్ర్యము రాగానే రెండింతలు ఖర్చుచేయును. ఇంత వచ్చుచున్నది, ఇంత నానమ్మ మందులకు, ఇంత అద్దెకు, ఇంత ధర్మమునకు, మిగిలినది ఇదియని చెప్పి, ఏమి చేయుదమని అడిగినచో, పదియేండ్ల పిల్లవాడును న్యాయముగా ఆలోచించును. తనంత తాను విడిచిన కోరిక అతనిలో బలమగును. లాగుకొనబడిన కోరిక గాయమగును.

ఐదవది, సంతోషమునకు చోటు విడుచుట. సంక్రాంతినాడు అరిసెలు, ఆడపడుచు వచ్చిననాడు చీర, గంగిరెద్దులవానికి చేటలో బియ్యము, ఇవి దుబారాలు కావు. పండుగ లేని పొదుపు ఇంటిని సత్రముగా మార్చును.

ఇక తగ్గింపు తప్పనిసరియైన కాలము వచ్చినచో, కోత మొదట యజమాని భాగములో పడవలెను. సక్తుప్రస్థుడు చూపిన మార్గము ఇదియే. తన భాగమును తాను ముందుగా ఇచ్చినవాని యింట తక్కినవారు అడుగకయే ముందుకు వత్తురు. రాకపోయినను అతనికి కినుక యుండరాదు. ఏలయన వారి త్యాగము వారికిని ఈశ్వరునకును సంబంధించిన విషయము.

సన్న్యాసి సర్వమును విడిచి అపరిగ్రహమును సాధించును. గృహస్థుడు సర్వమును చేతబట్టి, ఇది నాది కాదని తెలిసి, ఎవరిది వారికి ముట్టజెప్పుచు దానినే సాధించును. రెండవ మార్గము మొదటిదానికంటె తక్కువది కాదని వివేకానంద స్వామి పలుమార్లు ఉద్ఘాటించిరి. నెలాఖరున లెక్కపుస్తకము మూయునపుడు గృహస్థుడు ఎంత మిగిలినదని చూచుకొనుట సహజము. దానితోపాటు, ఆ మిగిలినది ఎవరి పళ్ళెమునుండి వచ్చినదని కూడ ప్రతినెలయు చూచుకొనునుగాక. ఆ రెండవ ప్రశ్నకు తలయెత్తి సమాధానము చెప్పగలిగిన యింట లక్ష్మియు, శాంతియు కలిసి నివసించును.